కాశీయాత్రికుడు వీరాస్వామయ్యగారు

1780 ప్రాంతమున జన్మించిన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా పేరు గాంచిరి. పెద్ద కొలువు, ఏబదియేండ్ల వయస్సు. యాత్రను వాయిదా వేయుటకు ఇంతకంటె సాకులేమి కావలెను? అయినను కొలువు విడుచు దినమునకై ఆయన వేచియుండలేదు. సెలవు పుచ్చుకొని 1830 మే 18న పరివారముతో కాశికి బయలుదేరిరి.

మన దేశమున రైలుబండి యింకను నడువని కాలమది. తిరుపతి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము దాటి, ప్రయాగ, కాశి, గయ సేవించి, కలకత్తా, పూరీల మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. దారిలో చూచిన ఊళ్లను, ఆచారములను, మజిలీల వసతులను మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి ఎప్పటికప్పుడు వ్రాసి పంపిరి.

1836లో వీరాస్వామయ్యగారు కాలధర్మము చెందిరి. పిళ్ళగారి పూనికతో ఆ వ్రాతలు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చుపడినవి. ఆ గ్రంథమును ఆయన చూడలేదు. గంగను మాత్రము కన్నులార చూచిరి. తిరిగివచ్చిన పిదప ఆయనకు మిగిలినది అయిదేండ్లే. తీరిక చిక్కిన పిమ్మట పోవుదమనుకొనియున్నచో ఆ యాత్ర సాగెడిదో లేదో, ఆ గ్రంథము తెలుగువారికి దక్కెడిదో లేదో!

చదువరులారా, పొలముల లెక్క చిట్టాలో దొరకును. మనకు మిగిలిన దినముల లెక్క ఏ చిట్టాలోను దొరకదు. పోదలచిన చోటికి కాళ్లలో సత్తువ యుండగనే పోవుట మేలు.