స్టాండ్ వేటీ: చెరోకీ ఆశ్విక దళపతి

ఆదివాసి సేనాని అనగానే తన నేల కోసం ప్రాణమిచ్చిన వీరుడే మనకు గుర్తొస్తాడు. స్టాండ్ వేటీ కథ అంత సూటిగా ఉండదు. అందుకే దీన్ని మన యువతీయువకులకు చెప్పాలనుకున్నాం.

వేటీ 1806లో, నేటి అమెరికాలోని జార్జియా ప్రాంతంలో చెరోకీ తెగలో పుట్టారు. తెగ భాషలో ఆయన పేరు దెగతగ, అంటే స్థిరంగా నిలబడేవాడు. ఆయన యువకుడయ్యేసరికి చెరోకీలకు సొంత లిపి ఉంది, రాసుకున్న రాజ్యాంగం ఉంది. 1828లో పత్రిక కూడా మొదలైంది, దాని సంపాదకుడు వేటీ అన్న ఎలియాస్ బౌడినాట్. ఇన్ని ఉన్నా నేల నిలవలేదు. వాళ్ల కొండల్లో బంగారం దొరికింది, 1830లో తరలింపు చట్టం వచ్చింది.

ఎలాగూ పోయే నేలకు పరిహారమైనా దక్కించుకుందామని వేటీ, బౌడినాట్, పెదనాన్న మేజర్ రిడ్జ్ మరికొందరితో కలిసి 1835 నాటి న్యూ ఎకోటా ఒడంబడికపై సంతకాలు చేశారు. తెగ అధినేత జాన్ రాస్ ఒప్పుకోలేదు. వేలమంది వద్దని అర్జీ పెట్టారు. అయినా అమెరికా సెనేట్ ఒకే ఒక్క ఓటు తేడాతో దాన్ని ఆమోదించింది. 1838-39లో దాదాపు 16,000 మందిని పడమటికి తరిమారు. శిబిరాల్లో, దారిలో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. దాన్నే కన్నీటి బాట అంటారు.

తెగ అనుమతి లేకుండా భూమి అమ్మినవారికి చెరోకీ చట్టంలో మరణశిక్షే. 1839 జూన్ 22న బౌడినాట్, మేజర్ రిడ్జ్, ఆయన కొడుకు జాన్ హతమయ్యారు. ముందే కబురందిన వేటీ తప్పించుకున్నారు. రెండు వర్గాల పగ ఏళ్ల తరబడి సాగింది.

1861లో అంతర్యుద్ధం రాగానే వేటీ బానిసత్వాన్ని కాపాడే దక్షిణ పక్షాన నిలిచి గుర్రపు దళాన్ని కూడగట్టారు. ఆయనకూ నల్లజాతి బానిసలుండేవారు. ఈ సంగతి దాచి ఆయన ధైర్యాన్ని మాత్రమే పొగడడం మాకు ఇష్టం లేదు. ధైర్యానికైతే కొదవలేదు. 1864 మేలో బ్రిగేడియర్ జనరల్ అయ్యారు, దక్షిణ సైన్యంలో ఆ హోదా పొందిన ఏకైక ఆదివాసి ఆయనే. మరుసటి నెలలోనే ఆర్కాన్సా నదిలో సరుకులతో వెళ్తున్న ఆవిరి పడవను పట్టుకున్నారు (గుర్రాల మీద వచ్చి పడవను గెలవడం!). సెప్టెంబరులో కేబిన్ క్రీక్ దగ్గర సుమారు 300 బండ్ల సరుకు చిక్కింది. అంతకు ముందే, 1863లో, జాన్ రాస్ ఇల్లు ఆయన మనుషుల చేతుల్లో బూడిదైంది. పాత పగ యుద్ధంలోనూ ఆరలేదు.

దక్షిణ సేనాని లీ 1865 ఏప్రిల్‌లోనే లొంగిపోయారు. వేటీ మాత్రం జూన్ 23 దాకా ఆగారు. దక్షిణ జనరళ్లలో చివరగా ఆయుధం దించింది ఆయనే. తర్వాత పొగాకు ఫ్యాక్టరీలో భాగస్వామి అయ్యారు. ఒడంబడిక ప్రకారం పన్ను ఉండదనుకుంటే, ఫెడరల్ అధికారులు దాన్ని జప్తు చేశారు, సుప్రీంకోర్టు కూడా వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. ముగ్గురు కొడుకులూ ఆయన కళ్లముందే పోయారు. 1871 సెప్టెంబరు 9న వేటీ కన్నుమూశారు.

తాహ్లెక్వాలోని పాత రాజధాని ఆవరణలో ఆయన పేరిట ఉన్న స్మారకాన్ని 2020లో చెరోకీ ప్రభుత్వమే తొలగించింది.