మంచుగచ్చుకు ముప్పై ఏళ్ళు

కాలిఫోర్నియా శాన్ హోసేలోని శాప్ సెంటర్‌కు 2023 సెప్టెంబరుతో ముప్పై ఏళ్ళు నిండాయి. 1993లో తలుపులు తెరిచిన ఆ ఐస్ హాకీ మందిరానికి హోసూరు నుంచి ఒక తెలుగు ఇంటి అభినందనలు. దానికి ఇప్పుడున్నది నాలుగో పేరు. శాన్ హోసే అరీనాగా పుట్టి, కాంపాక్ సెంటర్, హెచ్‌పీ పెవిలియన్ అయి, 2013 నుంచి శాప్ సెంటరయింది. అభిమానులకు మాత్రం అది ఎప్పుడూ షార్క్ ట్యాంకే. అక్కడ ఆడే హాకీ జట్టు పేరు షార్క్స్ మరి!

నేను చూసింది ఒక్క ఆట. మా అబ్బాయి తీసుకెళ్ళాడు. బయట చొక్కా చేతులు మడుచుకునే ఎండ, లోపల స్వెట్టరు చలి. దీపాలన్నీ ఆర్పేశారు. పైకప్పు నుంచి పదిహేడు అడుగుల సొరచేప తల దిగింది. దాని నోట్లోంచి, పొగను చీల్చుకుంటూ, ఆటగాళ్ళు ఒక్కొక్కరే మంచు మీదికి దూసుకొచ్చారు. పదిహేడు వేల మంది పట్టే హాలు హోరెత్తిపోయింది.

నా చూపు మాత్రం విరామంలో వచ్చిన జాంబోనీ బండి మీదే నిలిచిపోయింది. స్కేట్ల కోతలకు పొడి రేగిన మంచును అది పలచగా చెక్కుకుంటూ, వెనకాల తడిగుడ్డతో నీళ్ళు పూసుకుంటూ తిరిగింది. అవి వేడినీళ్ళట! వేడికి పైపొర కాస్త కరిగి, కొత్త నీళ్ళతో కలిసిపోయి గట్టిపడుతుంది. అతుకు కనపడదు. 1949లో ఆ బండిని ఫ్రాంక్ జాంబోనీ తయారుచేసిందీ కాలిఫోర్నియాలోనే. అంతకుముందు ఐసుదిమ్మల వ్యాపారం చేసినవాడు. బండి వెళ్ళాక గచ్చు అప్పుడే తుడిచిన అద్దంలా మెరిసింది. ఇంతా చేసి ఆ మంచు మందం అంగుళం పైచిలుకే. కింద కాంక్రీటులో పరిచిన పైపుల్లో గడ్డకట్టని చల్లటి ద్రవం రేయింబవళ్ళు తిరుగుతూ దాన్ని కాపాడుతుంది.

ఆ నేల మీద ఎన్ని జరిగాయో! 2015 సెప్టెంబరు 27న ప్రధాని మోదీ మాట్లాడినప్పుడు మనవాళ్ళతో హాలు కిక్కిరిసింది. 2016 జూన్ 12న షార్క్స్ జట్టు స్టాన్లీ కప్ ఫైనల్‌ను సొంతగడ్డ మీదే పిట్స్‌బర్గ్‌కు పోగొట్టుకుంది. నెల తిరక్కుండానే అక్కడే ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్ ఎంపిక పోటీల్లో సిమోన్ బైల్స్ గాల్లో గిరికీలు కొట్టింది. 2018 జనవరిలో అమెరికా ఫిగర్ స్కేటింగ్ కిరీటం అక్కడే నేథన్ చెన్ గెలుచుకున్నాడు.

హాకీ సీజన్‌లో కచేరీ పడితే మంచు కరిగించరు. చలి బయటికి పోని పలకలు దాని మీద పరిచి, పైన కుర్చీలు వేస్తారు. పాట వినే జనం కాళ్ళ కింద మంచు అలాగే ఉంటుంది. కచేరీ ముగిసి జనం ఇళ్ళకు పోయాక కూలీలొచ్చి అన్నీ ఎత్తి, తెల్లారేసరికి ఆటకు సిద్ధం చేస్తారు.

నా అభినందన ముఖ్యంగా వాళ్ళకే. మా హోసూరు మూడో షిఫ్టు ఊరు. లేలాండ్, టీవీఎస్, టైటాన్ ఫ్యాక్టరీల బస్సుల్లో నిద్ర కళ్ళతో ఇల్లు చేరేవాళ్ళ వీధులు మావి. చంద్రచూడేశ్వర స్వామి తేరు కదిలేటప్పుడు ఊరంతా దేవుణ్ణి చూస్తుంది. చక్రాల కింద చెక్కదిమ్మలు తోసి తేరును మలుపు తిప్పేవాళ్ళను చూడటం నాకు మా నాన్న నేర్పాడు. శాన్ హోసేలో ఆ జాంబోనీ నడిపే మనిషిని చూడగానే వాళ్ళే గుర్తొచ్చారు.

అక్టోబరులో అక్కడ కొత్త సీజన్ మొదలవుతుంది. ఇక్కడ ఫ్యాక్టరీల్లో ఆయుధపూజ కూడా ఆ రోజుల్లోనే. యంత్రాలు కడిగి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, పూలు కడతాం. ఈసారి మా అబ్బాయికి ఫోన్లో ఒక పని చెప్పాను. పండుగనాడు ఆటకు వెళితే, విరామంలో కుర్చీ వదిలి వెళ్ళకుండా, బండి దగ్గరకొచ్చినప్పుడు ఆ డ్రైవరుకు మా ఇంటిల్లిపాది పేరున ఒక్కసారి చెయ్యెత్తి నమస్కారం పెట్టమన్నాను.