చిత్తజల్లు పుల్లయ్య

తెలుగు సినిమాలు కలకత్తాలో తయారైన కాలం ఒకటుంది. 1930 దశకం తొలి సంవత్సరాలలో తెలుగుదేశంలో టాకీలు తీయడానికి తగిన స్టూడియోలు లేవు. నటులు, గాయకులు, వాద్యగాళ్ళు పెట్టే బేడా సర్దుకొని రైలెక్కేవారు. సామర్లకోట దాటిన ఆ బండి మన ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా, చిలకా సరస్సు అంచున సాగి హౌరా చేరేది. అప్పటికి మన గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనే ఉండేది. అలా కళాకారులను కలకత్తాకు నడిపించిన వారిలో చిత్తజల్లు పుల్లయ్య ముఖ్యులు.

పుల్లయ్య 1898లో కాకినాడలో జన్మించారు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మూకీ చిత్రాలు తీస్తున్న రోజులలో వారి వద్ద చేరి పని నేర్చుకొన్నారు. తరువాత కాకినాడలో తమ ఇంటనే మార్కండేయుని కథను చిన్న మూకీగా తీసి, యముని వేషం తామే వేశారు. వేషగాళ్ళ కోసం వెదకులాట అప్పుడే మొదలైందన్నమాట!

టాకీలు వచ్చాక ఆ వెదకులాట మరింత కష్టమైంది. నాటకాలలో స్త్రీ పాత్రలను చాలావరకు పురుషులే ధరించేవారు. దూరాన కూర్చున్న ప్రేక్షకునికి అది చెల్లింది గాని, ముఖాన్ని దగ్గరగా చూపే కెమెరా ముందు చెల్లదు. పైగా నేపథ్యగానం లేని రోజులవి. నటించేవారే పాడాలి. రూపం, గాత్రం, వాచకం మూడూ ఉన్న స్త్రీలు దొరకడం అరుదు. దొరికినా ఇంటివారు పంపేవారు కారు. ఈనాడు ఈ పనికి కాస్టింగ్ డైరెక్టర్లు ఉన్నారు. ఆనాడు దర్శకుడే ఊరూరా తిరిగి నాటకాలు చూసి ఎంచుకోవలసి వచ్చేది.

పుల్లయ్య ముందుగా రంగస్థలాన్నే నమ్ముకొన్నారు. 1933లో ఈస్టిండియా ఫిలిం కంపెనీకి 'సావిత్రి' తీసినప్పుడు నాటకాలలో పేరు పొందిన వేమూరి గగ్గయ్యకు యముని పాత్ర, రామతిలకానికి సావిత్రి పాత్ర ఇచ్చారు. 1934లో 'లవకుశ' తీశారు. పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. పల్లెల నుండి జనం బండ్లు కట్టుకొని వచ్చి ఆ చిత్రాన్ని చూశారు.

1936లో ఆయన చేసిన ప్రయోగం మరీ సాహసమైనది. 'అనసూయ'లో పాత్రలన్నిటినీ పిల్లలచేతనే వేయించారు. (మన ఒడిశా రాష్ట్రం ఏర్పడిందీ, తొలి ఒడియా టాకీ 'సీతా వివాహం' వచ్చిందీ ఆ సంవత్సరమే.) అనసూయగా నటించిన కృష్ణవేణికి అప్పటికి పన్నెండేళ్ళు నిండలేదు. నాటకాలలో పాడుతున్న ఆ బాలికను పుల్లయ్య ఎంపిక చేశారు. 1939లో 'వరవిక్రయం' కోసం భానుమతిని తెచ్చారు. ఆమె తండ్రి ఎన్నో షరతులు పెట్టి గాని ఒప్పుకోలేదు. కట్నాల దురాచారానికి బలి అయిన కాళింది పాత్రతో భానుమతి పేరు నిలిచింది. 1947లో 'గొల్లభామ'తో అంజలీదేవిని వెలుగులోకి తెచ్చారు. ఆమె కాకినాడలో నాటకాలాడుతున్న నటి. రేలంగి వెంకట్రామయ్య ఏళ్ళ తరబడి పుల్లయ్య వద్దనే ఉండి, నటులను సమకూర్చడంతో సహా చిన్నా పెద్దా పనులన్నీ చేశారు. ఆయనకు హాస్యనటుడుగా గుర్తింపు రావడానికి చాలాకాలం పట్టింది.

ఈలోగా బాల అనసూయ పెద్దదై నిర్మాత అయింది. 1949లో కృష్ణవేణి నిర్మించిన 'మనదేశం'లో పోలీసు అధికారిగా ఒక కొత్త యువకుడు తెరకు పరిచయమయ్యాడు. అతడే నందమూరి తారక రామారావు.

పుల్లయ్యకు 'లవకుశ'ను మళ్ళీ, ఈసారి రంగులలో, తీసే అవకాశం వచ్చింది. 1958 ప్రాంతంలో మొదలైన చిత్రం డబ్బు చాలక మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ పని మొదలయ్యేనాటికి ఆయన ఆరోగ్యం సహకరించలేదు. మిగిలిన భాగాన్ని కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేశారు. 1963లో విడుదలైన ఆ చిత్రం పూర్తిగా రంగులలో తయారైన తొలి తెలుగు చిత్రం.

అందులో రాముడు కృష్ణవేణి చిత్రంతో పరిచయమైన రామారావు. సీత కాకినాడ అంజలీదేవి. సీతమ్మమీద నింద వేసే చాకలి, ఒకనాడు నటులను వెదకడంలో పుల్లయ్యకు తోడుగా తిరిగిన రేలంగి. పుల్లయ్య 1967లో మద్రాసులో కన్నుమూశారు.