గది దాటని కవయిత్రి

విక్టోరియన్ కవిత్వం అనగానే నాకు ఆవులింతలొచ్చేవి. రాణిగారి కాలం, పూలతోటలు, ప్రేమలేఖలు... బీటెక్ వాడికి అవన్నీ ఎందుకులే అనుకునేవాణ్ణి. ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ జీవితం చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఆమె 1806లో ఇంగ్లండ్‌లోని డర్హమ్ ప్రాంతంలో పుట్టింది. పన్నెండుమంది పిల్లల్లో పెద్దది. ఇంట్లో డబ్బుకి లోటు లేదు. కానీ ఆ డబ్బంతా జమైకా చెరకు తోటల్లోంచి, అక్కడి బానిసల చాకిరీలోంచి వచ్చిందే. చిన్నతనంలోనే గ్రీకు నేర్చుకుంది. పదిహేనేళ్లకే జబ్బు పట్టుకుంది, నల్లమందు కలిపిన మందు అలవాటైంది. 1840లో ప్రాణంలా చూసుకున్న తమ్ముడు ఎడ్వర్డ్ పడవ మునిగి చనిపోయాడు. ఆ దెబ్బతో లండన్‌లోని వింపోల్ స్ట్రీట్ ఇంట్లో ఒక గదికే పరిమితమైపోయింది.

గది దాటని మనిషికి లోకం గురించి ఏం తెలుస్తుంది అంటారా? గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లల గురించి ప్రభుత్వం వేసిన కమిషన్ రిపోర్టులు ఆమె చదివింది. ఆ విచారణలో పాల్గొన్న హార్న్ అనే రచయిత ఆమెకు స్నేహితుడు. 1843లో బ్లాక్‌వుడ్స్ పత్రికలో 'ది క్రై ఆఫ్ ది చిల్డ్రన్' అచ్చయింది. మరుసటేడు వచ్చిన ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో పదమూడేళ్లలోపు పిల్లల పనిని రోజుకి ఆరున్నర గంటలకి తగ్గించింది. ఒక్క కవితతోనే చట్టం వచ్చిందని నేననను. కానీ ఆ పిల్లల గొంతు చదువుకున్నవాళ్ల ఇళ్లదాకా వెళ్లింది.

బానిసత్వం మీద కూడా ఆమె ఊరుకోలేదు. తన కుటుంబాన్ని పోషించిన వ్యవస్థ మీదే కలం ఎత్తింది. అమెరికాలో బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్ల కోసం, పారిపోయిన ఒక నల్లజాతి స్త్రీ తన కథ తానే చెప్పుకుంటున్నట్టు కవిత రాసింది.

పిల్లలెవరూ పెళ్లి చేసుకోకూడదని తండ్రి పంతం. 1846లో ఆమె కవి రాబర్ట్ బ్రౌనింగ్‌ని రహస్యంగా పెళ్లి చేసుకుని ఇటలీ వెళ్లిపోయింది. తండ్రి మళ్లీ ఆమె మొహం చూడలేదు. ఆమె రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిప్పి పంపాడు. 1850లో ఆస్థానకవి పదవికి ఆమె పేరు కూడా వినిపించింది, పదవి మాత్రం టెన్నిసన్‌కి దక్కింది. 1856లో 'అరోరా లీ' అనే పద్యనవల రాసింది. సొంతంగా రాసి బతకాలనుకునే ఆడపిల్ల అందులో కథానాయిక. 1861లో ఫ్లారెన్స్‌లో కన్నుమూసింది.

మొన్న రాత్రి టీ కొట్టు దగ్గర గ్లాసులు కడుగుతున్న కుర్రాణ్ణి ఎన్నో క్లాసురా అని అడిగాను. వాడు నవ్వి తల దించుకున్నాడు. నేను డబ్బులిచ్చి హాస్టల్‌కి వచ్చేశాను. మంచం మీంచి లేవలేని ఆమె, ఎన్నడూ చూడని పిల్లల కోసం రాసింది. నేను ఎదురుగా చూసి కూడా వచ్చేశాను. అందుకే ఇది రాస్తున్నాను ఫ్రెండ్స్.