రహీం సాహెబు

హైదరాబాదు నగరము పేరు చెప్పగానే చార్మినారు, గోలకొండ కోట, ముత్యములు జ్ఞప్తికి వచ్చును. ఒకప్పుడు ఆ నగరమునకు వేరొక ఖ్యాతి కూడ ఉండెను. భారతదేశపు ఫుట్‌బాలు జట్టులో ఏ సంవత్సరము చూచినను హైదరాబాదు ఆటగాండ్రు పలువురు కనిపించెడివారు. కలకత్తాలోని పేరుమోసిన సంఘములు ఆటగాండ్రను వెదకుకొనుచు హైదరాబాదునకు వచ్చుచుండెను. ఈ ఖ్యాతికి మూలపురుషుడు ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. నగరవాసులు ఆయనను రహీం సాహెబు అని గౌరవముతో పిలిచెడివారు.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు పేటలలోని పాఠశాలలయందు ఉపాధ్యాయుడుగా పనిచేసెను. తరువాత వ్యాయామవిద్యలో శిక్షణ పొందెను. బాల్యమునుండియు ఆయనకు ఫుట్‌బాలుపై మక్కువ మెండు. ఆ కాలమున సికింద్రాబాదు, బొలారం దండులలో ఆంగ్ల సైనికులు సాయంకాలములందు ఫుట్‌బాలు ఆడుచుండెడివారు. వారిని చూచి నగర బాలురు బూట్లు లేకయే వట్టి కాళ్ళతో ఆటను నేర్చుకొనిరి. రహీం ఆటగాడుగా కంటె ఆట నేర్పువాడుగా ఎక్కువ పేరు పొందెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, మరణించువరకు ఆ పదవిని నిర్వహించెను. హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షణ ఇచ్చు భారమును కూడ స్వీకరించెను.

ఆయన నేర్పు విధానము బడిలో పాఠము చెప్పు విధానము వంటిదే. సాధారణముగా ఆటగాడు కుడికాలితో బంతిని చక్కగా తన్నును. ఎడమకాలు అతనికి అలంకారప్రాయము. రహీం అట్టివారికి బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో పోటీలు నడిపెను. బంతిని తనయొద్దనే ఉంచుకొని మెలికలు త్రిప్పుట ఆనాటి మన ఆటగాండ్రకు పరిపాటి. చూపరులు దానినే మెచ్చుకొనెడివారు. బంతి అందిన వెంటనే తోటివానికి అందింపవలెనని ఆయన నిర్బంధించెను. పసివారికి వేరుగా పోటీలు ఏర్పరచెను. ఎక్కము రానివానికి ఎక్కమే మరల మరల చెప్పించుట ఉపాధ్యాయ లక్షణము. ఈ వృత్తిలో నలువది సంవత్సరములు గడిపిన నావంటి వారికి ఇందులో వింత ఏమియు తోచదు. కాని మైదానమున అట్లు చేసినవారు ఆ దినములలో మన దేశమున అరుదు.

ప్రతిభ ఎక్కడ నున్నను ఆయన కన్ను దానిని పసిగట్టెడిది. సికింద్రాబాదునకు సమీపమున అమ్ముగూడ అను గ్రామమున తులసీదాస్ బలరాం అను పేద బాలుడు ఉండెను. అతని ఆటను చూచి రహీం నగరములోని అభ్యాసమునకు రమ్మని పిలిచెను. రాకపోకలకు డబ్బు లేదని బాలుడు వెనుకాడగా, సైకిలు అద్దెకు కావలసిన పైకమును రహీమే తన చేతినుండి ఇచ్చెను. ఆ బలరాం కొలది సంవత్సరములలో ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున గోళ్లు చేసెను.

హైదరాబాదు పోలీసు జట్టు 1950లో డ్యూరాండు కప్పును గెలిచెను. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గైకొనెను. అంతవరకు కలకత్తా సంఘములను మించినవారు లేరని తలచినవారందరు దక్షిణమువైపు తలత్రిప్పి చూచిరి. 1950లోనే భారత జాతీయ జట్టునకు శిక్షకుడుగా రహీమును నియమించిరి.

ఆయన కృషిని గ్రహించుటకు అంతర్జాతీయ పోటీలలో ప్రవేశించు పద్ధతిని కొంత తెలిసికొనవలెను. విద్యార్థులారా! మన సత్తెనపల్లి పాఠశాల జట్టు నేరుగా రాష్ట్రస్థాయి పోటీలకు పోజాలదు గదా! మొదట మండలములో గెలువవలెను. పిదప పల్నాడు జిల్లాలో నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపునుండి వచ్చు బాలురను ఎదుర్కొనవలెను. ఆ తరువాతనే రాష్ట్రము. దేశములకును ఇట్టి ఏర్పాటే కలదు. ప్రపంచ ఫుట్‌బాలు సమాఖ్య దేశములను ఆరు ప్రాంతీయ సమాఖ్యలుగా విభజించినది. అందు ఆసియా సమాఖ్య 1954లో మనీలా నగరమున ఏర్పడెను. ఒక్కొక్క ప్రాంతమునకు ఇన్ని స్థానములని ముందుగా నిర్ణయింతురు. ఆ స్థానములకై ఆ ప్రాంతపు దేశములు తమలో తాము పోటీపడును. వీనినే అర్హత పోటీలు అందురు.

ఈ పోటీలలో రెండు దేశములు తలపడునపుడు సాధారణముగా ఒక ఆట ఒకరి దేశమున, మరియొక ఆట ఎదుటివారి దేశమున జరుగును. సొంత మైదానము, సొంత ప్రేక్షకులు ఉన్నవారికి బలము హెచ్చు కనుక ఈ లాభమును ఇరువురికి సమముగా పంచుటకే ఈ ఏర్పాటు. రెండు ఆటలలోని గోళ్లను కూడి చూచి విజేతను నిర్ణయింతురు. కూడినను సమానమైనచో ఏమి చేయవలెను? 1956 ఒలింపిక్ క్రీడల అర్హత పోటీలలో జపాను, దక్షిణ కొరియా జట్లు చెరియొక ఆటను 2–0 గోళ్లతో గెలిచినవి. పెనాల్టీ తన్నులతో తగవు తీర్చు పద్ధతి ఆనాడు ఇంకను పుట్టలేదు. కావున చీట్లు వేసిరి. చీటి జపానుకు దక్కెను. ఏండ్ల తరబడి శ్రమించిన కొరియా ఆటగాండ్రు ఒక్క చీటిముక్కతో ఇంటిముఖము పట్టిరి.

మన దేశమునకు ఒకసారి ఆడకయే అర్హత లభించినది. 1950లో బ్రెజిలులో జరిగిన ప్రపంచ కప్పునకు ఆసియా భాగమున మనతోపాటు పేరు ఇచ్చిన బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్సు దేశములు పోటీనుండి తప్పుకొనెను. స్థానము మనకు దక్కెను. కాని మనవారు పోలేదు. బూట్లు లేకుండ ఆడనీయరని మానుకొనిరను కథ ఒకటి లోకమున వ్యాపించియున్నది. దూరప్రయాణము, అభ్యాసమునకు కాలము చాలకపోవుట, ప్రపంచ కప్పుకంటె ఒలింపిక్ క్రీడలే గొప్పవని ఆనాటి నిర్వాహకులు తలచుట దీనికి నిజమైన కారణములని తెలిసినవారు చెప్పుదురు. తెరచిన తలుపు అట్లు మూసికొనిపోయెను. పురుషుల ప్రపంచ కప్పు తుది పోటీలలో భారతదేశము నేటివరకు ఒక్క ఆటయు ఆడియుండలేదు.

1951లో ఢిల్లీ నగరమున మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. రహీం శిక్షణలో మన జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తానును 3–0 గోళ్లతో ఓడించి, తుది ఆటలో ఇరాను దేశముపై ఒక్క గోలుతో గెలిచి స్వర్ణపతకమును పొందెను. మరుసటి సంవత్సరము హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10–1 గోళ్లతో పరాజయము కలిగెను. మనవారిలో పెక్కుమంది వట్టి కాళ్ళతోనే ఆడియుండిరి. ఆ అవమానము తరువాత బూట్లు ధరించుట తప్పనిసరి చేయబడెను. రహీం నిరుత్సాహపడక, ఐరోపా జట్లు ఆటగాండ్రను నిలుపు తీరును శ్రద్ధతో పరిశీలించి తన జట్టును క్రొత్తగా తీర్చెను.

ఫలితము 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో కనబడెను. మొదటి ఆటలో మనకు హంగేరీ ఎదురుపడవలసియుండెను. ఆ సంవత్సరము అచటి ప్రజల తిరుగుబాటును సోవియట్ సేనలు అణచివేసెను. హంగేరీ ఫుట్‌బాలు జట్టు రాలేదు. తరువాతి ఆటలో ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే మనవారు 4–2 గోళ్లతో ఓడించిరి. బొంబాయి ఆటగాడైన నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము భారతదేశమే. అచట యుగోస్లావియాపై మొదటి గోలు మనదే అయినను తుదకు 4–1తో ఓడితిమి. మూడవ స్థానపు ఆటలో బల్గేరియా గెలిచెను. నాల్గవ స్థానము దక్కెను. నాలుగేండ్ల క్రిందట పది గోళ్లతో ఓడిన జట్టు ఇదియేనా అని లోకము ఆశ్చర్యపడెను.

1960 రోము ఒలింపిక్ క్రీడలకు మార్గము ఇంత సుగమము కాదు. అర్హత పోటీలలో మొదట ఆఫ్ఘనిస్తానును 5–2తో గెలిచి, ఇండోనేషియాతో రెండు ఆటలు ఆడవలసివచ్చెను. ఒకటి 4–2, రెండవది 2–0, మొత్తము 6–2. రెండింటను గెలిచిరి కనుక చీట్ల ప్రసక్తి రాలేదు. రోములో హంగేరీ 2–1తోను, పెరూ 3–1తోను మనలను ఓడించెను. ఫ్రాన్సుతో ఆట 1–1గా ముగిసెను. ఆట ముగియుటకు కొలది నిమిషములు ఉండగా ఫ్రాన్సు ఆ గోలును చేసియుండెను. ఈ జట్టులో రహీం కుమారుడు హకీం కూడ ఉండెను. మూడు ఆటలు జరిగినవి. తండ్రి అతనిని ఒక్క ఆటలోను బరిలోనికి దింపలేదు. హకీం తరువాతి కాలమున అంతర్జాతీయ రెఫరీగా పేరు పొంది 2021లో కీర్తిశేషుడయ్యెను.

1962లో నాల్గవ ఆసియా క్రీడలకు జకార్తా వేదిక అయ్యెను. అప్పటికే రహీం ఊపిరితిత్తులలో రాచపుండు పుట్టియుండెను. దగ్గు ఆయనను విడువకుండెను. అయినను శిక్షణను మానలేదు.

జకార్తాలో మొదటి ఆటయే కలిసి రాలేదు. దక్షిణ కొరియా 2–0 గోళ్లతో గెలిచెను. ఇంకొక్కటి ఓడినచో ఇంటికి పోవలసినదే. థాయిలాండుపై 4–1తో గెలిచిరి గాని, రక్షణవరుసకు ప్రాణమువంటి జర్నైల్ సింగు తలకు పెద్ద గాయమై కుట్లు వేయవలసివచ్చెను. గోలురక్షకుడు పీటరు తంగరాజు జ్వరముతో మంచము పట్టెను. జపానును 2–0తో గెలిచి మనవారు సెమీఫైనలు చేరిరి. రహీం ఇచట ఎవరును ఊహింపని మార్పు చేసెను. తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగును రక్షణవరుసనుండి తీసి ముందువరుస నడుమ నిలిపెను. పూర్వము ఆ స్థానమున ఆడిన అలవాటు అతనికి కలదని రహీం ఎరుగును. దక్షిణ వియత్నాముతో జరిగిన ఆటలో జర్నైల్ సింగు గోలు చేసెను. భారతదేశము 3–2తో గెలిచెను.

ఇంతలో మైదానము వెలుపల మరియొక కష్టము వచ్చిపడెను. ఇండోనేషియా ప్రభుత్వము ఇజ్రాయెలు, తైవాను క్రీడాకారులకు ప్రవేశము నిరాకరించెను. అట్లయినచో ఈ క్రీడలకు ఆసియా క్రీడలను పేరు తగదని ఆసియా క్రీడా సమాఖ్య ప్రముఖుడైన భారతీయుడు సోంధీ వాదించెను. జకార్తా ప్రజలు కోపించి భారత రాయబార కార్యాలయముపై దాడి చేసిరి. మరునాడే, సెప్టెంబరు 4వ తేదీన, ఫుట్‌బాలు తుది ఆట. ఎదుటివారు మొదటి ఆటలో మనలను ఓడించిన దక్షిణ కొరియావారే. కిక్కిరిసిన ప్రేక్షకులు భారత ఆటగాడు బంతిని తాకినప్పుడెల్ల గేలిచేసిరి. పాకిస్తాను హాకీ ఆటగాండ్రు మాత్రము మనవారిని ఉత్సాహపరచిరని ఆనాటి ఆటగాండ్రు తరువాత స్మరించుకొనిరి. వారు క్రిందటి దినముననే హాకీ తుది పోటీలో మనలను ఓడించినవారు!

రహీం తన శిష్యులను పిలిచి, తనకు కానుకగా ఆ బంగారు పతకమును మాత్రమే కోరెనట. తంగరాజు కోలుకొని గోలు ముందు నిలిచెను. పదునేడవ నిమిషమున పి.కె. బెనర్జీ గోలు చేసెను. మూడు నిమిషములు గడువకముందే జర్నైల్ సింగు రెండవ గోలు చేసెను. హేళన సద్దుమణిగెను. చివరి నిమిషములలో కొరియా ఒక గోలు చేయగలిగినను ఆట 2–1తో మనదయ్యెను. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశము పొందిన స్వర్ణపతకములు రెండు. రెండింటికిని శిక్షకుడు రహీమే.

జకార్తానుండి తిరిగివచ్చిన పిదప వ్యాధి ముదిరెను. 1963వ సంవత్సరము జూను 11వ తేదీన, ఏబదినాలుగేండ్లు నిండకముందే, రహీం మరణించెను. ఆయన జీవితమును ఆధారముగా చేసికొని 2024లో మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడెను. అంతవరకు ఆయన పేరు ఎరుగని యువకులు పలువురు దానివలన తెలిసికొనిరి.

ఆయన పోయిన తరువాత 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలకు అర్హత పోటీలు జరిగినవి. మన జట్టు సింహళముపై రెండు ఆటలును గెలిచి ఇరానుతో తలపడెను. 1951లో ఢిల్లీలో రహీం శిష్యులు ఓడించిన ఇరాను ఈ మారు 3–0, 3–1 గోళ్లతో రెండు ఆటలును గెలిచెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో భారతదేశము మరల అడుగుపెట్టలేదు. ప్రపంచ కప్పులో జట్ల సంఖ్య 2026 పోటీలకు నలుబది యెనిమిదికి పెరిగి, ఆసియాకు నేరుగా దక్కు స్థానములు ఎనిమిది అయినవి. ఆ అర్హత పోటీల రెండవ దశలో కతరు, కువైటు, ఆఫ్ఘనిస్తానులతో ఒకే వర్గమున నిలిచిన మన జట్టు, మొదటి రెండు స్థానములలో ఒకదానిని పొందజాలక వెనుదిరిగెను. చివరి ఆటలో కతరు చేతిలో 2–1తో ఓడిన దినము 2024 జూను 11. రహీం సాహెబు మరణించి నాటికి సరిగా అరువదియొక్క సంవత్సరములు.