జకార్తా స్వర్ణం వెనుక రహీం సాబ్

హైదరాబాద్ ఫుట్‌బాల్ అనగానే ముందు గుర్తొచ్చే పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో ఈ నగరంలోనే పుట్టారు. ఉస్మానియాలో చదివి, స్కూళ్లలో పాఠాలు చెప్పుకున్న ఆ టీచర్‌ను అందరూ రహీం సాబ్ అనే పిలిచేవారు.

ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. కుడికాలి ఆటగాడికి ఎడమకాలు కూడా పనిచేయాలని, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. అలవాటైన కాలితో కొడితే ఫౌలే!

1950లో భారత జట్టు బాధ్యత ఆయనకు దక్కింది. మరుసటి ఏడాది ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో మనవాళ్లు ఇరాన్‌ను 1-0తో ఓడించారు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఆ చలిలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. రహీం సాబ్ కుంగిపోలేదు, ఆట తీరునే మార్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా నుంచి అంతవరకూ ఎవరూ అక్కడిదాకా పోలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 2-0తో పోయింది. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇక ఇంటికే అనుకున్న మనిషిని రహీం సాబ్ ఫార్వర్డ్‌గా దించారు.

ఫైనల్ సెప్టెంబర్ 4న. ఎదురుగా మళ్లీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లకు ఇండోనేషియా వీసాలు ఇవ్వకపోవడాన్ని ఒక భారత అధికారి తప్పుపట్టడంతో అక్కడి జనం మనపై మండిపడుతున్నారు. స్టేడియమంతా గోల. అయినా పీకే బెనర్జీ ఒకటి, కుట్ల తలతో జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది.

ఆ గెలుపు తర్వాత ఏడాది కూడా తిరగకుండానే, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత మళ్లీ స్వర్ణం రాలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు అడుగే పెట్టలేదు. ఒక స్కూల్ టీచర్ వదిలిన ఖాళీ ఎంత పెద్దదో ఇంతకన్నా చెప్పేదేముంది?