లాస్ కసాస్ పశ్చాత్తాపము

ఒక జాతి సంకెళ్లు తెంచబోయి మరియొక జాతికి సంకెళ్లు సూచించినవాడు బార్తలోమే ద లాస్ కసాస్. ఆయన స్పెయిను దేశమున సెవిల్ నగరమునందు 1484లో జన్మించెను. 1502లో అట్లాంటిక్ సముద్రము దాటి హిస్పానియోలా ద్వీపమునకు పోయెను. పిమ్మట క్యూబాలో భూమిని, దానితోపాటు వెట్టిచేయుటకు అచ్చటి ప్రజలను పొంది సుఖముగా జీవించెను. మతగురువై యుండియు అది పాపమని ఆయనకు చాలకాలము తోచలేదు. గనులలోను పొలములలోను జనులు పిట్టలవలె రాలిపోవుట చూచి, 1514లో తన వెట్టివారిని విడిచిపెట్టెను.

అంతటితో ఊరకుండక స్పెయినుకు వచ్చి ప్రభువులకు మొరపెట్టుకొనెను. పొరపాటు అక్కడనే జరిగెను. 1516లో సమర్పించిన విజ్ఞాపనలో, ఆ ద్వీపవాసులకు బదులుగా ఆఫ్రికా బానిసలను తెప్పించవచ్చునని వ్రాసెను.

ఈ వర్తకమునకు ఆయనయే మూలపురుషుడని కొంద రందురు. అది సరికాదు. 1444లోనే పోర్చుగీసువారు 235 మంది ఆఫ్రికావారిని పోర్చుగల్ దేశపు లాగోస్ రేవులో దింపి పంచుకొనిరి. 1510లో స్పెయిను రాజు ఫెర్డినాండు హిస్పానియోలా గనులకు బానిసలను పంపుటకు ఆజ్ఞ యిచ్చెను. అయినను ధర్మాత్ముని నోటి మాట లోభులకు మంచి సాకు గదా! 1518లో చార్లెసు రాజు తన కొలువులోని ఒక ప్రభువునకు 4,000 మంది ఆఫ్రికావారిని కొనిపోవుటకు అనుమతి నొసగెను. ఆ ప్రభువునకు ఓడ యెక్కవలసిన పనియే లేకపోయెను. అనుమతి పత్రమునే జెనోవా వర్తకులకు 25,000 దుకాతులకు, అనగా అన్ని బంగారు నాణెములకు, అమ్ముకొనెను. మనుష్యులు పట్టుబడక ముందే వారి వెల చేతులు మారెను. చెరకు గానుగలు పెరిగినకొలది బానిసలకు గిరాకి హెచ్చెను.

లాస్ కసాస్ తరువాత డొమినికన్ సన్యాసియై, బిషప్పై, అమెరికా ఆదివాసుల పక్షమున కడవరకు పోరాడెను. ముదిమిలో పోర్చుగీసువారి చరిత్రలు చదివినపు డాయన కన్నులు తెరువబడెను. ఆఫ్రికావారు న్యాయమైన యుద్ధమున చిక్కినవారు కారు. ఏ నేరమును చేయకయే అపహరింపబడినవారు. ఇరువురి బానిసత్వమును సమానమైన అన్యాయమే యని తాను వ్రాయుచున్న చరిత్రలో ఒప్పుకొనెను. తెలియక చేసితినన్న మాట దైవసన్నిధిని తనను కాపాడునో లేదో యని భయపడెను.

ఆ గ్రంథమును నలువదియేండ్లవరకు బయటపెట్టవలదని మఠమువారిని కోరి, 1566లో మాడ్రిడ్ నగరమున మరణించెను. నలువది కాదు, మూడువందల యేండ్లకు పైగా గడచి 1875లో అది అచ్చుపడెను. అప్పటికి సుమారు 1 కోటి 25 లక్షల ఆఫ్రికావారిని ఓడల కెక్కించియుండిరి. వారిలో దాదాపు 18 లక్షలమంది దరి చేరకయే సముద్రముపై అసువులు బాసిరి.